ఇంటి గుమ్మం నుంచి మొదలయ్యే మ్యాపు: కోనసీమలో సైకిలు తొక్కేవాళ్లకి

మా హాల్లో టీవీ పక్కన గోడకి ఒక పెద్ద మ్యాపు అంటించి ఉంటుంది. మధ్యలో ఒక గుండుసూది, అది మా ఇల్లు, అంబాజీపేట దగ్గర పల్లెటూరు. అక్కణ్ణించి ఎర్ర స్కెచ్ పెన్ను గీతలు నాలుగు దిక్కులకీ పాకాయి, గీత ఆగిన ప్రతిచోటా ఒక చుక్క, చుక్క పక్కన తారీఖు. ఆ గీతల్లో ఒక్కటి కూడా మోటారు బండి మీద వెళ్లి గీసింది కాదు. మూడేళ్ల క్రితం షుగరు బార్డర్లో ఉందని డాక్టరుగారు చెప్తే సైకిలు కొన్నాను. రోజూ అమలాపురం రోడ్డులో అదే మైలురాయి దాకా వెళ్లడం, వెనక్కి రావడం. ఆరు వారాలకి విసుగొచ్చి సైకిలు వసారాలో ఆగిపోయింది. మళ్లీ నన్ను సీటెక్కించింది ఈ మ్యాపే.

ఎన్ని కిలోమీటర్లు తొక్కాం, ఎన్ని కేలరీలు కరిగాయి అనే అంకెలు మర్నాటికి గుర్తుండవు. ముక్తేశ్వరం రేవులో పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కి కోటిపల్లిలో దిగిన రోజు గుర్తుంటుంది. దాన్ని గోడ మీద పెడితే పక్కనున్న ఖాళీ కూడా కనపడుతుంది, ఆ ఖాళీయే ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకి మనల్ని లేపుతుంది. ఎలా చేసుకోవాలో మొదటి నుంచి చెప్తాను. ఖర్చు రెండు మూడొందలు దాటదు.

ముందు రూలు పెట్టుకోండి

మ్యాపు మొదలుపెట్టకముందే ఏది లెక్కలోకి వస్తుందో తేల్చుకోవాలి. లేకపోతే రెండో నెలలోనే "కారు వెనకాల సైకిలు కట్టుకుని దిండి వెళ్లి అక్కడ కాసేపు తొక్కాం కదా, చుక్క పెట్టేద్దామా" అనే ఆలోచన వస్తుంది. ఒక్కసారి అలా పెట్టారా, మ్యాపు మీద మీకే నమ్మకం పోతుంది. నా రూళ్లు మూడు. ఇంటి గుమ్మం దగ్గరే సైకిలు ఎక్కాలి. వెళ్లేటప్పుడు దారంతా నా కాళ్లతోనే వెళ్లాలి, కానీ పంటు, పడవ ఎక్కొచ్చు, ఎందుకంటే మన దగ్గర నది దాటడానికి కొన్నిచోట్ల అదే రోడ్డు. ఇక వెళ్లిన చోట దిగి కనీసం మంచినీళ్లు తాగి, ఎవరితోనైనా ఒక మాట మాట్లాడాలి, ఊరి మధ్యలోంచి దూసుకెళ్లిపోతే గీత పడుతుంది గానీ చుక్క పడదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సు ఎక్కినా పర్వాలేదని పెట్టుకున్నాను. కొంతమంది దీనికి ఒప్పుకోరు, రానుపోను రెండూ తొక్కాల్సిందే అంటారు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి నేను మాత్రం నా పద్ధతే చెప్తాను, వెనక్కి ఎలా రావాలనే టెన్షన్ లేకపోతేనే మనిషి దూరం వెళ్తాడు. మీ రూళ్లు ఏవైనా సరే, మ్యాపు కింది మూలన పెన్నుతో రాసేయండి.

కాగితం మ్యాపు ఎక్కడ దొరుకుతుంది

ఫోనుండగా కాగితం ఎందుకంటారా? ఫోన్లో మ్యాపు మనం తెరిస్తేనే కనపడుతుంది, గోడ మీద మ్యాపు అన్నం తింటున్నా కనపడుతుంది. అందుకని రెండూ ఉండాలి, కానీ ముందు కాగితం.

సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల వెబ్‌సైటులో ఓపెన్ సిరీస్ మ్యాపులు పీడీఎఫ్ రూపంలో దొరుకుతాయి. వాటి స్కేలు 1:50,000, అంటే మ్యాపు మీద రెండు సెంటీమీటర్లు నేల మీద ఒక కిలోమీటరు. ఒక్కో షీటు పదిహేను నిమిషాల అక్షాంశం, పదిహేను నిమిషాల రేఖాంశం మేర ఉంటుంది, మన ప్రాంతంలో అది సుమారు 27 కిలోమీటర్ల చదరం. కాలువలు, గట్లు, లంకలు, రేవులు, గుళ్లు అన్నీ ఉంటాయి కాబట్టి సైకిలు వాళ్లకి ఇంతకంటే మంచి మ్యాపు లేదు. మీ ఇల్లు షీటు అంచున పడితే పక్క షీట్లు కూడా కావాలి.

ఇంటి నుంచి ముప్పై కిలోమీటర్ల దాకా అన్ని వైపులా చూపించాలంటే మొత్తం అరవై కిలోమీటర్ల వెడల్పు, అదే స్కేల్లో ప్రింటు తీస్తే 120 సెంటీమీటర్లు అవుతుంది, అంత గోడ అందరికీ ఉండదు. సగానికి తగ్గించి ప్రింటు తీయించండి. అప్పుడు ఒక సెంటీమీటరు ఒక కిలోమీటరు, లెక్కకీ తేలిక, 60 సెంటీమీటర్లలో సరిపోతుంది. ప్లాన్లు ప్రింటు తీసే జిరాక్స్ షాపులో అడిగితే పెద్ద కాగితం మీద తీసిస్తారు. ఫ్లెక్సీ మాత్రం వద్దు, దాని మీద పెన్ను నిలవదు. మామూలు కాగితమే తీయించి, చుట్టూ అంచులకి ప్లాస్టర్ వేసి అంటించుకోండి.

మ్యాపు దొరక్కపోతే ఖాళీ చార్టు మీద మీరే గీసుకోవచ్చు. ఇల్లు మధ్యలో పెట్టి, ముందు గోదావరి పాయలు, తర్వాత పెద్ద కాలువలు, తర్వాత రోడ్లు. అందం అవసరం లేదు. నా మొదటి మ్యాపు అలాంటిదే, మా అమ్మాయి నీలం క్రేయాన్‌తో గౌతమి, వైనతేయ, వశిష్ఠ గీసిపెట్టింది.

గుండ్రాలు గీయడం

ఇంటి దగ్గర గుచ్చిన గుండుసూదికి దారం కట్టి, రెండో కొసకి పెన్సిలు కట్టి, 5, 10, 20, 30 సెంటీమీటర్ల దగ్గర నాలుగు గుండ్రాలు గీయండి. ఇవే మీ మెట్లు. మొదటి నెలంతా మొదటి గుండ్రంలోనే ఉండండి. నిజంగా చెప్తున్నాను, ఐదు కిలోమీటర్ల లోపల మీరు ఎప్పుడూ వెళ్లని ఊళ్లు కనీసం పది ఉంటాయి. నేను పుట్టి పెరిగిన చోటే, మా చేలకి అవతల పుంత పట్టుకుని వెళ్తే తగిలే చిన్న ఊరికి నలభై నాలుగేళ్ల వయసులో మొదటిసారి వెళ్లాను. ఒక అరుగు మీద కూర్చున్న పెద్దాయన "ఏ ఊరండీ మనది?" అని అడిగి, మా నాన్న పేరు చెప్పగానే "ఆయ్, మీ నాన్నారు మా తోటలో కాయ దింపించేవోరండీ" అని లోపలికి కేకేసి బొండం కొట్టించాడు. ఆ చుక్క ఇప్పటికీ నా మ్యాపులో ఇంటికి మూడు సెంటీమీటర్ల దూరంలోనే ఉంది.

గుండ్రం అంటే పక్షి ఎగిరే దూరం అని మర్చిపోవద్దు. మామూలు ఊళ్లలో రోడ్డు దూరం దానికి కాస్త ఎక్కువ ఉంటుంది, అంతే. మన దగ్గర అలా కాదు, ఆ సంగతి రేవుల దగ్గర చెప్తాను. మామూలు సైకిలు మీద ఆగుతూ వెళ్తే గంటకి పన్నెండు నుంచి పదిహేను కిలోమీటర్లు వేసుకోండి.

వెళ్లిన దారి రికార్డు చేయడం

జేబులో చిన్న నోటు పుస్తకం, పెన్ను ఉంటే చాలు. ఏ వంతెన దాటాం, ఏ లాకుల (కాలువ నీళ్లు ఆపి వదిలే తలుపులు) దగ్గర మలుపు తిరిగాం అని రాసుకుని ఇంటికొచ్చాక మ్యాపు మీద గీయొచ్చు. ఫోనుంటే స్ట్రావా లాంటి యాప్ దారంతా దానంతటదే రాసుకుంటుంది. పొలాల మధ్య సిగ్నల్ లేకపోయినా ఫర్వాలేదు, జీపీఎస్‌కి ఆకాశం కనపడితే చాలు, డేటా అక్కర్లేదు.

ఒక్క జాగ్రత్త. ఆండ్రాయిడ్ ఫోన్లు బ్యాటరీ ఆదా చేయడానికి వెనకాల నడిచే యాప్‌లని ఆపేస్తుంటాయి. నేను వాడిన ఒక యాప్ అలాగే పి.గన్నవరం వంతెన మీద ఆగిపోయింది, అక్కణ్ణించి అప్పనపల్లి దాకా వెళ్లిన దారంతా పోయింది, ఇంటికొచ్చి చూసుకుని చాలా బాధపడ్డాను. ఫోను సెట్టింగుల్లో ఆ యాప్ తెరిచి బ్యాటరీ దగ్గర అన్‌రెస్ట్రిక్టెడ్ అని పెట్టండి. దాంతో పాటు ఆగిన ప్రతిచోటా ఒక ఫోటో తీయండి, కెమెరాలో లొకేషన్ ఆన్ చేసి ఉంటే ఫోటోలోనే ఆ చోటు, టైము ఉంటాయి. రికార్డు పోయినా ఫోటోలని బట్టి దారి మళ్లీ గీసుకోవచ్చు, నేను ఆ అప్పనపల్లి గీత అలాగే తిరిగి గీశాను.

కంప్యూటర్లో మ్యాపు

గూగుల్ మై మ్యాప్స్ ఉచితం. కంప్యూటర్లో గానీ, ఇంటర్నెట్ సెంటర్లో గానీ తెరవండి, ఫోన్లో చేయడం ఇబ్బంది. కొత్త మ్యాపు తెరిచి దానికి పేరు పెట్టండి. మొదటి లేయరులో (మ్యాపు మీద పరిచే పొరలో) ఇల్లు ఒక్కటే. రెండో లేయరు చుక్కలకి, మూడోది గీతలకి. యాప్‌లో రికార్డైన దారిని జీపీఎక్స్ ఫైలుగా దింపుకోవచ్చు. స్ట్రావా అయితే వెబ్‌సైటులో ఆ రోజు రైడు తెరిస్తే మూడు చుక్కల మెనూలో ఎక్స్‌పోర్ట్ జీపీఎక్స్ ఉంటుంది. ఆ ఫైలుని మై మ్యాప్స్‌లో ఇంపోర్ట్ నొక్కి ఎక్కిస్తే గీత పడిపోతుంది. ఒక మ్యాపులో పది లేయర్ల దాకా పెట్టుకోవచ్చు, అందుకని ఏడాదికొక లేయరు, ఏడాదికొక రంగు పెడితే ఏ ఏడు ఎటు తిరిగామో ఒక్క చూపులో తెలుస్తుంది.

చుక్క మీద నొక్కితే రాసుకునే చోటు ఉంటుంది. అక్కడ తారీఖు ఒక్కటే పెట్టి వదిలేయకండి, రెండు ముక్కలు రాయండి. "బండారులంక, మగ్గాల చప్పుడు రోడ్డు దాకా వినపడింది." "ర్యాలి, స్వామిని ముందు నుంచి చూసి వెనక్కెళ్లి మోహినిని చూశాను." "ఆత్రేయపురం, ఇంటి అరుగు మీదే కుండ బోర్లించి పూతరేకు తీస్తున్నారు." ఏడాది తర్వాత చదివితే ఆ పొద్దున్నంతా కళ్ల ముందుకొస్తుంది.

రేవులే కీలకం

ధవళేశ్వరం దిగువన గోదావరి గౌతమిగా, వశిష్ఠగా చీలుతుంది, వశిష్ఠ నుంచి మళ్లీ వైనతేయ చీలుతుంది. మీ ఇల్లు ఈ పాయల మధ్య ఏదో ఒక ముక్కలో ఉంటుంది. ఆ ముక్క దాటి బయటికెళ్లే దారులు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అందుకని మ్యాపు మీద ముందు ఆ దారులు పచ్చ పెన్నుతో గుర్తుపెట్టండి, ఇది చేయకుండా ఒక్క లాంగ్ రైడు కూడా వేసుకోవద్దు. గౌతమి మీద జొన్నాడ దగ్గర, యానాం ఎదురులంక దగ్గర వంతెనలు. వైనతేయ మీద పి.గన్నవరం, బోడసకుర్రు. వశిష్ఠ మీద సిద్ధాంతం, చించినాడ. ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి, సఖినేటిపల్లి నుంచి నర్సాపురానికి రేవులు.

సఖినేటిపల్లి గట్టు మీద నిలబడితే అవతల నర్సాపురం ఇళ్లు కనపడుతుంటాయి. పంటు ఉంటే కాసేపట్లో అవతల ఉంటాం. లేకపోతే దిండి వెళ్లి చించినాడ వంతెన దాటి తిరిగి కిందికి రావాలి, సైకిలు మీద రెండు గంటల పైమాటే. మాకు పాలకొల్లు తిన్నగా గీత గీస్తే పాతిక కిలోమీటర్ల లోపే, కానీ మధ్యలో వైనతేయ, వశిష్ఠ రెండూ దాటాలి. కాబట్టి గుండ్రాలతో పాటు ప్రతి చుక్క పక్కన అసలు రోడ్డు దూరం కూడా రాయండి. రెండు అంకెలకీ తేడా ఎక్కువున్న చోటే మంచి ప్రయాణం ఉంటుందని నా అనుభవం.

పంటు ఎక్కేముందు ఆఖరి ట్రిప్పు ఎన్నింటికో అడగండి. సైకిలు దిగి నడిపించుకుంటూ పలక మీదికి ఎక్కాలి, తడిగా ఉంటే టైరు జారుతుంది. వరదల రోజుల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం చూసుకోండి. 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. మొదటి హెచ్చరిక వచ్చిందంటే రేవుల వైపు, లంకల కాజ్‌వేల వైపు వెళ్లే ప్లాను పూర్తిగా మానుకోండి, గోడ మీద చుక్క ఎక్కడికీ పోదు.

గాలి, గట్టు, ధాన్యం

మనకి కొండల్లేవు, ఎత్తంటే వంతెనే. అందుకని మన కష్టమంతా గాలితో. వేసవిలో మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి పైరగాలి లేస్తుంది. పొద్దున్నే గాలి లేనప్పుడు దక్షిణంగా ఓడలరేవుకో అంతర్వేదికో వెళ్లిపోయి, సాయంత్రం ఆ గాలి వీపుకి తగులుతుంటే ఇంటికి రండి. ధనుర్మాసంలో తెల్లవారుజామున పొగమంచు కమ్మేస్తుంది, ముందూ వెనకా లైట్లు లేకుండా 216 జాతీయ రహదారి ఎక్కకండి.

గట్టు దారులు మ్యాపులో భలే ఊరిస్తాయి. కానీ వాన పడ్డ మర్నాడు ఒండ్రుమట్టి మీద తొక్కితే మట్టి టైరుకి అంటుకుని, మడ్‌గార్డు లోపల పొరలు పొరలుగా గట్టిపడి చక్రం తిరగదు. నేను ఒకసారి రోడ్డు పక్కన కొబ్బరి మట్ట ముక్క తీసుకుని అరగంట గీకాను. గట్టు దారిని మ్యాపులో చుక్కల గీతగా గీసి పక్కన "ఎండాకాలం" అని రాసుకోండి. సార్వా (తొలి పంట), దాళ్వా (రెండో పంట) కోతలప్పుడు రోడ్ల మీద ధాన్యం ఆరబోస్తారు, ధాన్యం మీద తొక్కకండి, దిగి పక్కనించి నడవండి, రైతు కష్టం అది.

ఖాళీలని ఎంచుకోవడం

మూడు నెలలయ్యాక మ్యాపు చూస్తే గీతలన్నీ ఒకే వైపు వెళ్లినట్టు తెలుస్తుంది. అప్పుడు రెండు సెంటీమీటర్ల గళ్లు గీయండి, అంటే రెండు కిలోమీటర్ల చదరాలు. కాలు పెట్టిన ప్రతి గడిలో పసుపు రంగు వేయండి. ప్రపంచమంతా సైకిలు వాళ్లు ఆడే టైల్స్ ఆట ఇదే, వెబ్‌సైట్లలో గడి సైజు మన అక్షాంశం దగ్గర సుమారు 2.3 కిలోమీటర్లు వస్తుంది. రంగు పడని గడి చుట్టూ రంగులుంటే మనసు ఊరుకోదు. మా పిల్లలు "నాన్నా, ఇదొక్కటే మిగిలింది" అని వేలు పెట్టి చూపిస్తే ఆ ఆదివారం అటే.

గళ్లు కాకుండా ఒక దారం పట్టుకుని కూడా వెళ్లొచ్చు. అయినవిల్లి, మురమళ్ల, మందపల్లి, వాడపల్లి అంటూ గుళ్లు. లేదా పంచారామాల్లో మనకి అందుబాటులో ఉన్న మూడు, ద్రాక్షారామం, పాలకొల్లు, భీమవరం. పండగలతో కూడా ముడిపెట్టండి, కనుమ రోజు జగ్గన్నతోట తీర్థానికి పదకొండు రుద్రుల ప్రభలు వస్తాయి, కార్లూ బైకులూ ఊరవతలే ఆగిపోతాయి గానీ సైకిలు సందుల్లోంచి దూరిపోతుంది.

అంకెలు ఇష్టమైనవాళ్లకి ఒకటి చెప్తాను. ఆర్థర్ ఎడింగ్టన్ అనే ఖగోళ శాస్త్రవేత్త తన సైకిలు తొక్కుడుకి ఒక లెక్క కట్టుకున్నాడు. ఇరవై వేర్వేరు రోజుల్లో, ఒక్కో రోజు కనీసం ఇరవై కిలోమీటర్లు తొక్కితే మీ ఎడింగ్టన్ సంఖ్య 20. దాన్ని 21 చేయాలంటే ఇరవై కిలోమీటర్ల రైడు ఇంకోటి పనికిరాదు, 21 కిలోమీటర్ల రోజులు ఇరవై ఒకటి ఉండాలి. ఆయన మైళ్లలో లెక్కేసి 84 దాకా వెళ్లాడు. మ్యాపు పక్కన ఈ ఒక్క అంకె రాసుకోండి, మిగతావి అక్కర్లేదు.

మ్యాపు నలుగురితో పంచుకునేటప్పుడు ఇల్లు కనపడకుండా చూసుకోండి, యాప్‌లో మొదలూ చివరా దాచే సెట్టింగు ఉంటుంది. పొద్దున్నే ఏ టైముకి ఇంట్లో ఉండరో ఊరంతటికీ తెలియనక్కర్లేదు. నెలకోసారి గోడ మ్యాపుకి ఫోటో తీయండి, వానాకాలం గోడ చెమ్మకి కాగితం పాడైతే ఆ ఫోటోయే మిగులుతుంది.

మన డెల్టాలోనే కుదిరే గీత

ఇది చివర్లో చెప్తున్నాను గానీ నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఇదే. మీ చేలోకి నీళ్లొచ్చే బోదె దగ్గర మొదలుపెట్టండి. నీటికి ఎదురు వెళ్లండి. బోదె తూము దగ్గరికి, తూము కాలువ దగ్గరికి, కాలువ పెద్ద కాలువ దగ్గరికి తీసుకెళ్తుంది. ఒక్కరోజులో అవ్వక్కర్లేదు, ప్రతి ఆదివారం కొంచెం పైకి. దారిలో లాకులు, చాకిరేవులు, గట్టు మీద గుళ్లు, ఈత కొట్టే పిల్లలు. పి.గన్నవరం దగ్గర ఆగి ఆక్విడెక్టు చూడండి, కింద వైనతేయ, దాని మీద మన కాలువ, కాలువ నీళ్లు నది మీదుగా అవతలికి దాటి వెళ్తుంటాయి. మధ్య డెల్టా నీళ్లన్నీ బొబ్బర్లంక దగ్గర మొదలవుతాయి, తూర్పు డెల్టావి ధవళేశ్వరం వైపు నుంచి, పశ్చిమానివి విజ్జేశ్వరం వైపు నుంచి. కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడని చిన్నప్పుడు చదివిందే, కానీ మా చేలో తడి మట్టి నుంచి ఒక్కో లాకు దాటుకుంటూ అటు వెళ్తుంటే ఆ తారీఖులు వేరేలా అనిపించాయి.

నా మ్యాపులో ఆ నీలం గీత ఇప్పటికి లొల్ల లాకుల దాకా వచ్చింది. వేసవిలో కాలువలు కట్టేస్తే నీటి వెంట వెళ్లడంలో అందం ఉండదు. అందుకని ఈ దాళ్వాకి నీళ్లు ఆపేలోపే లొల్ల నుంచి బొబ్బర్లంక దాకా మిగిలిన ముక్క పూర్తిచేద్దామని సైకిలు బ్రేకులు మార్పించి పెట్టుకున్నాను.